తిరగేసి చూడాల్సిన నేత

కువైట్‌లోని ఫర్వానియా గవర్నరేట్‌లో ఉంది అర్దియా. కడప నుంచో కోనసీమ నుంచో వెళ్లి ఇలాంటి పేటల్లో అరబ్బు ఇళ్లలో వంటకో, డ్రైవరుగానో కుదిరిన మనవాళ్లకు దివానియాలో, అంటే మగవాళ్లు అతిథులతో కూర్చునే గదిలో, గోడవారన వేసిన ఎరుపు నలుపు చారల దిండ్లు కొత్తేం కాదు. రోజూ దులిపి సర్దేవే. ఆ చారలు సదూవి, అంటే ఎడారిలో గుడారాలతో తిరిగే బదూ తెగల ఆడవాళ్ల నేతవి. దిండ్లు చాలావరకు మిషను సరుకే. నేను మెచ్చుకోబోయేది వాటి వెనకున్న అసలు పనిని.

సదూ మగ్గం చూస్తే మన నేతగాళ్లు నవ్వుతారేమో. ఇసుకలో నాలుగు గుంజలు, రెండు అడ్డకర్రలు, వాటి మధ్య బిగించిన పడుగు. అంతే. గొర్రె ఉన్ని, మేక వెంట్రుక, ఒంటె బొచ్చు కదురుతో వడికి వాడతారు. పోగుల్ని ఏరడానికీ పేకను దగ్గరికి నొక్కడానికీ జింక కొమ్ము. గుడారం ఎత్తేసే రోజున సగం నేసిన గుడ్డను అలాగే చుట్టి ఒంటె మీద వేసుకోవచ్చు. మగ్గం వెడల్పు తక్కువ కాబట్టి పెద్ద గుడ్డ కావాలంటే విడి ముక్కలు నేసి పక్కపక్కన కుట్టుకోవాల్సిందే. ఈ నేతలో పేక దాదాపు కనపడదు. రంగూ బొమ్మా మోసేదంతా పడుగే. ఎక్కడ ఏ రంగు రావాలో పడుగు పోసేటప్పుడే తేలిపోవాలి. తర్వాత మనసు మార్చుకుంటానంటే కుదరదు.

గీసిపెట్టుకున్న నమూనా ఏదీ ఉండదు. గోదావరి జిల్లాల ఆడపడుచు చుక్కలు లెక్కపెట్టకుండా ముగ్గు లాగేసినట్టు, నేసే ఆమె వేళ్లే పోగుల లెక్క చూసుకుంటాయి. తల్లి పక్కన కూర్చుని, చూసి నేర్చుకున్న లెక్క అది.

గుడ్డ పొడవునా పట్టీలుగా సాగే ఈ నేతలో, పక్క పట్టీల్లో స్వేచ్ఛ తక్కువ. గింజల్లాంటి చుక్కలూ గుర్రప్పళ్ల వరసలూ అమ్మమ్మ నేసినట్టే మనవరాలూ నేస్తుంది. నడిమి పట్టీ సంగతి వేరు. దాన్ని షజరా అంటారు. నలుపు తెలుపుల్లో దువ్వెన, కత్తెర, ఒంటె, ఒంటెలకు వేసే తెగ వాత గుర్తు, ఇలా నేసే ఆమె చూసినవీ వాడినవీ అందులో వరస కడతాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆమె ఇష్టం. తెగ గుర్తు పక్కనే తన దువ్వెన పెట్టుకోవడం నాకు భలే నచ్చుతుంది. ఆమె ఎవరని అడిగితే, వంశం చెప్పినంత ధీమాగా తన సామాను కూడా చెప్పుకుంటోందన్నమాట.

షజరాలో బొమ్మకు అక్కర్లేని పోగు వెనక్కి పోయి, అల్లికలో చిక్కకుండా వదులుగా సాగుతుంది. పక్క పట్టీలు గట్టి నేత, బరువు ఆపేవి అవే. సొంత జ్ఞాపకానికి చోటిచ్చిన నడిమి పట్టీకి వెనకంతా వదులు పోగులే, దేనికైనా తగులుకుంటే లేచివచ్చేవే. అయినా ఎక్కువ సమయం తీసుకునేది అదే.

గుడారంలో మగవాళ్ల భాగాన్నీ ఆడవాళ్ల భాగాన్నీ విడదీసే తెరకు ఈ పనితనమంతా పోస్తారు. తెర మంచి ముఖం మగవాళ్ల వైపు, అంటే అతిథుల వైపు. నేసిన ఆమె కాపురం ఆ వదులు పోగుల వైపే. ఇది అన్యాయమని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ పోగులు ఎటునుంచి ఎటు పోయాయో విప్పి చెప్పేది వెనకవైపే. పని తెలిసినవాళ్లు ముందు అటే చూస్తారు.

1946లో చమురు ఎగుమతి మొదలయ్యాక గుడారాలు పోయి కాంక్రీటు ఇళ్లు వచ్చాయి. తెర అవసరమూ తీరిపోయింది. 1979లో మొదలైన ప్రయత్నంతో కువైట్ నగరంలో సదూ హౌస్ ఏర్పడి ఈ విద్యను నేర్పుతోంది. 2020లో యునెస్కో సౌదీ, కువైట్‌ల పేరిట సదూను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. గుడారం ఎరగని అమ్మాయి ఇవాళ షజరా నేస్తే అందులో ఏం పెట్టాలి? పాత ఒంటెనే మళ్లీ పెట్టమనడం నాకు సమ్మతం కాదు. తన ఇంటి సామానే పెట్టుకోవాలి, పాతవాళ్లు చేసింది అదే కదా.

ఊరికి పట్టుకెళ్లడానికి సదూ కొనేవాళ్లకు ఒక మాట. గుడ్డ తిరగేయండి. వెనక రంగు వెలవెలబోతే అది అచ్చు వేసింది. నడిమి బొమ్మలు కొలిచినట్టు ఒకే ఎడంలో పదేపదే వస్తుంటే మిషనుదని అనుమానించండి. వెనక వదులు పోగులు తగిలి, నూలు ఒకచోట లావుగా ఒకచోట సన్నగా ఉంటే బేరం మరీ గట్టిగా ఆడకండి.