రెండు అజేయ సీజన్లు: 2019 ఎల్ఎస్‌యూ, 2020 అలబామా

2019లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచింది. మరుసటి ఏడు అలబామా 13కి 13 గెలిచింది. రెండూ ఎస్ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) జట్లే, రెండూ జాతీయ ఛాంపియన్లే. మ్యాచ్‌కు సగటున ఎల్ఎస్‌యూ 48.4 పాయింట్లు చేస్తే అలబామా 48.5 చేసింది. కాబట్టి ఏది గొప్ప సీజన్ అన్న తగువు స్కోరుబోర్డు దగ్గర తెగదు.

అభిమానులు చాలామంది ఎల్ఎస్‌యూకే పెద్దపీట వేస్తారు. అలబామాది ‘కరోనా ఏడాది గెలుపు’ అని ఒక మెట్టు దించేస్తారు. ఇది అన్యాయం. స్టేడియాలు ముప్పావు వంతు ఖాళీగా ఉన్నమాట నిజమే. కానీ ఆ ఏడు ఎస్ఈసీ జట్లు రెగ్యులర్ సీజన్‌లో తమలో తామే తలపడ్డాయి. చిన్న కాలేజీలను పిలిచి చితకబాదే వెసులుబాటు లేదు. ఎల్ఎస్‌యూ ఖాతాలో నార్త్‌వెస్టర్న్ స్టేట్ మీద 65-14 లాంటి తేలిక గెలుపులున్నాయి. అలబామా ఫ్లోరిడా మీద 52-46తో గట్టెక్కడం తప్ప, మిగతా ప్రతి మ్యాచ్‌లోనూ తేడా 15కు తగ్గలేదు. అక్టోబరులో అలబామా రిసీవర్ జేలెన్ వాడల్ చీలమండ విరిగింది. బరువంతా డెవాంటా స్మిత్ మీద పడితే, అతను 23 టచ్‌డౌన్లు అందుకుని ఏటి మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. 1991 తర్వాత అది ఒక రిసీవర్‌కు దక్కడం అదే మొదలు.

ఇంత ఒప్పుకున్నాక కూడా నా ఓటు ఎల్ఎస్‌యూకే. క్వార్టర్‌బ్యాక్ జో బరో విసిరిన 60 టచ్‌డౌన్ పాస్‌లను చూసి కాదు. అంతకుముందు ఏడు అదే బరో విసిరినవి 16. మధ్యలో జరిగిందేమిటన్నది నాకు ముఖ్యం. ముప్పై నిండని జో బ్రేడీని కోచ్ ఎడ్ ఓర్జెరాన్ న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ నుంచి తెచ్చి, సీనియర్ కోచ్ స్టీవ్ ఎన్స్‌మింగర్‌కు తోడిచ్చాడు. బంతి పట్టుకుని పరిగెత్తడమే నమ్ముకున్న జట్టు విసరడం నేర్చుకుంది. కోచ్ నిక్ సేబన్ 2007 నుంచి అలబామాకు గెలుపును అలవాటు చేశాడు. ఎల్ఎస్‌యూకు ఈ ఆట కొత్త విద్య.

ఆ విద్యకు పరీక్ష సెప్టెంబరులో ఆస్టిన్‌లో ఎదురైంది. టెక్సస్‌పై ఆరు పాయింట్ల ఆధిక్యం, మూడు నిమిషాల లోపే సమయం, మూడో డౌన్ (మూడో ప్రయత్నం), 17 గజాలు కావాలి. పాత ఎల్ఎస్‌యూ అయితే పరుగుకిచ్చి కాలం దొర్లించేది. బరో మీదికొస్తున్నవాళ్లను తప్పించుకుని రిసీవర్ జస్టిన్ జెఫర్సన్‌కు విసిరాడు: 61 గజాల టచ్‌డౌన్. నవంబరు 9న ఎల్ఎస్‌యూ, అలబామా సొంతగడ్డ టస్కలూసాలో లక్షమంది ఎదుట అలబామానే 46-41తో ఓడించింది. అంతకుముందు అదే ప్రత్యర్థి చేతిలో వరుసగా 8 ఓటములు! డిఫెన్స్ 41 పాయింట్లు ఇచ్చిందని దెప్పేవాళ్లకు ఒక్క మాట: 2020 అలబామా ఓల్ మిస్‌కు 48 ఇచ్చింది.

మరుసటి ఏడు ఎల్ఎస్‌యూ 5-5కి దిగజారింది, అలబామా చేతిలో 55-17తో చిత్తయింది. ఆ పాపం ఆ ఏటి జట్టుదే. బరో అప్పటికే వెళ్లిపోయాడు. ఆడిన నాటికి తొలి పది ర్యాంకుల్లో ఉన్న 7 జట్లను 2019 ఎల్ఎస్‌యూ ఓడించింది. అన్ని పరీక్షలు అలబామాకు ఎదురుకాలేదు. అది దాని తప్పు కాదు గానీ, రాయని పరీక్షకు మార్కులు వెయ్యలేం. మొదటి స్థానం ఎల్ఎస్‌యూదే.