సాన్‌లూకర్ రొయ్యల అట్టు

స్పెయిన్‌లో గ్వాదల్‌కివీర్ నది అట్లాంటిక్‌లో కలిసే చోట సాన్‌లూకర్ దె బరామేదా అనే ఊరుంది. 1519లో నావికుడు మెగెల్లాన్ ఓడలు సముద్రంలోకి సాగింది ఇక్కడినుంచే. ఆ సంగతి చరిత్ర పుస్తకాల్లో ఎలాగూ ఉంది. నేను మెచ్చుకోదలచింది ఇక్కడి తపాస్ (చిరుతిళ్ల) బార్లలో నూనె మూకుడు ముందు నిలబడే వంటవాళ్లను.

వాళ్లు వేసే 'తోర్తియీతా దె కమరోనెస్' చూడటానికి సులువే. గోధుమపిండి, శనగపిండి చల్లటి నీళ్లతో జారుగా కలిపి, సన్నగా తరిగిన ఉల్లి, పార్‌స్లీ ఆకు, గోరంత రొయ్యలు పొట్టుతో సహా వేస్తారు. కష్టమంతా గరిటెలో ఉంది. కాగిన నూనెలోకి పిండి వదులుతూనే గరిటె వెనకతో పలచగా పరచాలి. చేయి క్షణం ఆగిందా, మధ్యలో ముద్దకట్టి బజ్జీ అయి కూర్చుంటుంది. చేయి తిరిగినవాళ్లు వేస్తే అంచులు చిల్లులు చిల్లులుగా సాగి, రొయ్య మీసాలతో సహా కరకరలాడుతుంది. పక్కన సాస్ అడిగేవాళ్లూ ఉంటారు. అడక్కపోతేనే మర్యాద!

దీనికి జోడు మన్సనీయా వైన్, బాగా చల్లగా. పాలోమినో ద్రాక్షతో చేసి, ఆల్కహాల్ 15 శాతానికి పెంచి, పీపాల్లో కాస్త ఖాళీ ఉంచి నిలవ చేస్తారు. పైన ఈస్ట్ పొర తెల్లగా కట్టి గాలి సోకనివ్వదు. సముద్రపు తేమ ఆ పొరను బతికిస్తుంది. తీపి ఏమాత్రం లేని ఆ ఘాటు నూనె జిడ్డును నాలుక మీద నిలవనివ్వదు. ఈ అట్టుకు ఎర్ర వైన్ దండగ.

తెరిచిన మన్సనీయా రుచి త్వరగా తగ్గిపోతుంది. సీసా చెప్పేటట్టయితే నలుగురు కలిసి వెళ్లండి.