రక్తం చెప్పింది, కొవ్వు చెప్పింది

‘ఒక పెగ్గు గుండెకు మంచిదట’ అన్న మాట మన విందుల్లో చాలా నమ్మకంగా వినిపిస్తుంది. దానికి ఊతమిచ్చిన పరిశోధనల్లో ఒకటి 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. జర్మనీలో 18 నుంచి 88 ఏళ్ల వయసువాళ్ల రక్తంలో ఆర్మిన్ ఇమ్‌హోఫ్ బృందం సీఆర్‌పీ కొలిచింది. ఒంట్లో వాపు ఉందని పట్టిచ్చే ప్రోటీన్ అది. అసలు తాగనివాళ్లలో, బాగా తాగేవాళ్లలో ఎక్కువగా ఉంది. మితంగా తాగేవాళ్లలోనే తక్కువ.

ఫ్రాన్స్ నుంచి గాబ్రియేల్ పెర్లెముటర్ సహచరులు 2015లో ప్రచురించిన అధ్యయనం దీని పక్కన చాలా చిన్నది. తాగుడుతో కాలేయం చెడిన 47 మంది రోగులు, అంతే. మందు మాన్పించేటప్పుడు ఒకసారి, వారం గడిచాక మరోసారి చర్మం కింది కొవ్వు నమూనా తీశారు. రక్తంలోని భక్షక కణాలను కొవ్వులోకి పిలిచే సీసీఎల్2, వాపును రేపే ఐఎల్-18 ఉత్పత్తికి కణాలు ఇచ్చే జన్యు సందేశాలు ఆ ఏడు రోజుల్లోనే తగ్గాయి. అక్కడి మాక్రోఫేజ్ అనే భక్షక కణాలు కూడా దాడి మాని మరమ్మతు వైపు మొగ్గాయి.

నాకు ఈ చిన్న అధ్యయనం మీదే గురి. ఇమ్‌హోఫ్ బృందం వాళ్లు ఒకరిని మరొకరితో పోల్చారు. తాగనివాళ్లలో జబ్బు చేసి మానేసినవాళ్లు కలిసి ఉంటే లెక్క అంతా తారుమారవుతుంది. పైగా సీఆర్‌పీని తయారుచేసేది ప్రధానంగా కాలేయం. కొవ్వు పంపే ఐఎల్-6 అనే వాపు సంకేతం దాన్ని పురిగొల్పుతుంది గానీ, ఇతర చోట్ల నుంచి వచ్చే ఐఎల్-6 కూడా అదే పని చేస్తుంది. ఊరవతల నిలబడి పొగ చూస్తే ఏ ఇల్లు అంటుకుందో ఎలా తెలుస్తుంది? పెర్లెముటర్ బృందం ఆ ఇంట్లోకే వెళ్లింది. ఒకే మనిషిని ముందూ వెనకా చూసింది.

అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోలేను. ఆస్పత్రిలో చేరినవాళ్లకు తాగుడు ఆగడంతో పాటు తిండీ నిద్రా కూడా మారతాయి. వాళ్లంతా అప్పటికే రోగులు కాబట్టి వారానికో పెగ్గు తాగేవాడి కొవ్వు గురించి ఆ ఫలితం ఏమీ చెప్పదు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది, వాళ్లు తీసింది చర్మం కింది కొవ్వు కావడం. పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు వేరు. తాగుడుతో పేగు గోడలు సడలి సూక్ష్మజీవుల విషాలు ముందుగా చేరేది ఆ దరిదాపుల్లోకే, అక్కడి రక్తం నేరుగా వెళ్లేది కాలేయానికే. రెండు బృందాల్లో ఎవరి నమూనా కూడా అక్కడిది కాదు.