బొగ్గు కాని నలుపు

బొగ్గు గనుల ఊరు రామకృష్ణాపూర్‌లో ఏది నల్లబడ్డా నింద బొగ్గు మీదికే పోతుంది. ఆరేసిన చొక్కా, కిటికీ చువ్వ, వేపాకు, అన్నిటికీ ఒకటే జవాబు. మొన్నటి ముసురులో అటక మీది చాట దించితే వెనకంతా నల్ల మచ్చలు. తడిగుడ్డతో రుద్దాను. బొగ్గు దుమ్మయితే గుడ్డకు అంటాలి. గుడ్డ తెల్లగానే ఉంది, మచ్చ కదల్లేదు.

తట్టలు అల్లే మేదరి పెద్దాయనకు చూపించాను. గోటితో గీకి, వాసన చూసి, “బొగ్గు కాదు సారూ, బూజు. లోపలికి తిన్నది” అన్నాడు. మూలకున్న పాత బొంగు తీసి నిలువునా చీల్చాడు. పైతోలు నున్నగానే ఉంది. లోపల మాత్రం కణుపు నుంచి కణుపుకు బూడిదరంగు చారలు.

వెదురులో పిండిపదార్థం, చక్కెర దండిగా ఉంటాయి. మరక బూజులు ఆ తీపితోనే సరిపెట్టుకుంటాయి. కుళ్ళు బూజులు పీచునే తింటాయి. పెద్దాయన పరీక్ష తేలిక: బద్దను వంచి చూస్తాడు. వంగితే అల్లికకు, పుటుక్కుమంటే పొయ్యికి.

వెదురు మీద బతికే శిలీంధ్రాలను 2002లో శాస్త్రవేత్త హైడ్ బృందం లెక్కగడితే 1100 జాతులు దాటాయి. చైనాలో ఒకటి సన్న కొమ్మల మీద గులాబీరంగు గడ్డలా కాస్తుంది, దాన్ని మందుకు వాడతారు. మన వరి రైతుకు పొట్టకుళ్ళు తెగులుగా తెలిసిన సారోక్లేడియం ఒరైజే, బంగ్లాదేశ్‌లో వెదురు పొదలనే ఎండబెట్టింది. వింతేం కాదు, వరీ వెదురూ ఒకే గడ్డి కుటుంబం. మన అటవీ చట్టమే 2017 దాకా వెదురును చెట్టనుకుంది!

“కోసిన బొంగును నీళ్లల్ల నానేస్తే తీపి పోతది, బూజుకు తిండి దొరకదు” అన్నాడు పెద్దాయన, చాటకు రెండు బద్దలు మార్చి అల్లుతూ. “ఇంటికి పోయి పొయ్యి మీద మేకుకు తగిలియ్యి.”

“గ్యాసు పొయ్యి కదా పెద్దాయనా.”

“గట్లయితే ఎండల పెట్టు” అని నవ్వాడు.

మా అమ్మ బొగ్గుపొయ్యి మీద వండినన్నాళ్లూ చాట ఆ పొగలోనే వేలాడేది. మసిబట్టి నిగనిగలాడేది. ఏ వానాకాలమూ దానికి బూజు పట్టడం నేను చూడలేదు.