మీరే వచ్చి ఆడి చూపించండి

పెరూ దేశంలో 1973లో ప్రభుత్వం పెద్ద ఎత్తున అక్షరాస్యత కార్యక్రమం నడిపింది. అందులో నాటకాల పని చూడటానికి వచ్చినవాడు ఆగస్టో బోవాల్. బ్రెజిల్ సైనిక ప్రభుత్వం 1971లో పట్టుకుని చిత్రహింసలు పెడితే, దేశం విడిచి అర్జెంటీనా చేరిన దర్శకుడు. అప్పటికి ఆయన పద్ధతి ఇదీ: ఊరివాళ్ళు చెప్పిన కష్టాన్ని నటులు ఆడతారు, ముడిపడ్డ చోట ఆపుతారు, ఇప్పుడేం చెయ్యాలో చూసేవాళ్ళు చెబితే అలాగే ఆడి చూపిస్తారు.

ఒకచోట ఓ ఇల్లాలి కథ వచ్చింది. ఇల్లు కట్టిస్తున్నానని మొగుడు ఆమె దగ్గర డబ్బు తీసుకుంటూ, రసీదులని చెప్పి ఏవో కాగితాలు చేతిలో పెడుతుంటాడు. ఆమెకు చదువు రాదు. చివరికి పక్కింటామె చేత చదివిస్తే అవి వాడికి ఇంకొకావిడ రాసిన ప్రేమలేఖలని తేలింది. ఆ రాత్రి మొగుడు ఇంటికొస్తాడు. ఏం చెయ్యాలి? తలా ఒక సలహా ఇచ్చారు. గుంపులో ఒక భారీ మనిషి, వాడితో గట్టిగా మాట్లాడి తర్వాత క్షమించాలంది. నటులు అలాగే ఆడారు. ఆమెకు నచ్చలేదు. ఇంకాస్త గట్టిగా ఆడారు. అదీ నచ్చలేదు. విసిగిపోయిన బోవాల్, అయితే మీరే వచ్చి చూపించండన్నాడు. ఆమె వేదికెక్కి చీపురు అందుకుని మొగుడి వేషం కట్టిన నటుణ్ణి చితకబాదింది. ఆనక శాంతించి, క్షమించి, వెళ్ళి తనకు భోజనం తెచ్చిపెట్టమంది.

చూసేవాళ్ళే లేచి వచ్చి ఆడి చూపించే ఫోరం థియేటర్ పుట్టుకకు బోవాల్ చెప్పుకున్న కథ ఇది. నవ్వు వస్తుంది, నిజమే. కానీ యువజన సంఘాల్లో పనిచేసేవాళ్ళు కాసేపు ఆగి ఆలోచించాల్సిన కథ కూడా. నటులు మంచివాళ్ళే, ఆమె పక్షాన ఉన్నవాళ్ళే. అయినా ఆమె మనసులోది వాళ్ళ ఒంట్లోకి రాలేదు. అందరినీ కలుపుకుపోతున్నామని మనం చెప్పుకునేది చాలాసార్లు ఇంతే: పక్కన నిలబడిపోయినవాళ్ళ తరఫున మనమే మాట్లాడేస్తుంటాం.

మరుసటేడు, 1974లో, బోవాల్ పుస్తకం 'పీడితుల నాటకరంగం' వచ్చింది. పీడితుల చదువు గురించి రాసిన బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరీ ఆలోచనల ప్రభావం ఆ పేరులోనే కనిపిస్తుంది. అక్కడి నుంచి ఈ పద్ధతి పోర్చుగల్, ఫ్రాన్స్ మీదుగా లోకమంతా పాకింది. ఇప్పుడు బడుల్లో, జైళ్ళలో, శరణార్థుల శిబిరాల్లో, యువజన కేంద్రాల్లో వాడుతున్నారు. దీనికి వేదిక అక్కర్లేదు, దీపాలు అక్కర్లేదు, నటన వచ్చినవాళ్ళు అసలే అక్కర్లేదు.

మొదలు ఆటలతో. ఇద్దరిద్దరు జంటలుగా నిలబడతారు. ఒకరు అరచెయ్యి చాపి రెండోవాడి ముఖానికి జానెడు దూరంలో ఉంచుతారు. చెయ్యి ఎటు కదిలితే ముఖం అటు, అదే దూరంలో వెళ్ళాలి. చెయ్యి కిందికి దిగితే మనిషి నేల మీద పాకాల్సిందే. కాసేపటికి పాత్రలు మారతాయి. సంఘం అధ్యక్షుడు, నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి చేతి వెంట వంగి నడుస్తాడు. ఇంకో ఆటలో ఒకరు కళ్ళు మూసుకుంటారు, జంటవాడు చేసే శబ్దాన్ని పట్టుకుని నడుస్తారు, శబ్దం ఆగితే ఆగాలి. చూపులేని కుర్రాడు గుంపులో ఉంటే ఇందులో అందరికన్నా నిబ్బరంగా నడిచేది వాడే. వాడి మీద జాలి పడటానికి అలవాటుపడ్డవాళ్ళకు ఆ పది నిమిషాలు ఇబ్బందిగా ఉంటాయి. ఉండాలి కూడా.

నాకు మరీ ఇష్టమైనది కుర్చీల ఆట. కొన్ని కుర్చీలు, ఒక బల్ల, ఒక సీసా. మిగతా వాటన్నిటికన్నా ఒక్క కుర్చీకే అధికారం ఉన్నట్టు కనబడేలా వీటిని అమర్చాలి. ఎవరూ మాట్లాడకూడదు. ఒకరు ఆ కుర్చీని బల్ల మీదికి ఎక్కిస్తారు. ఒకరు మిగతావన్నీ దానికి ఎదురుగా వరసగా పేరుస్తారు. ఒక పిల్ల దాన్ని తీసుకెళ్ళి గుమ్మం దగ్గర వేస్తుంది: లోపలికి ఎవరు రావాలో తేల్చేది అదే కదా. కులం గురించి ఉపన్యాసం మొదలుపెడితే సగం మంది ముఖాలు బిగుసుకుపోయే చోట కూడా కుర్చీల గురించి అందరూ మాట్లాడతారు. కాసేపటికి మాట కుర్చీలను దాటి ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాతది బొమ్మలు కట్టడం. ఒకరు శిల్పి, మిగతావాళ్ళు మట్టి. ఒక అనుభవాన్ని మనుషుల దేహాలతో, మాట లేకుండా, కదలని బొమ్మగా నిలబెట్టాలి. తర్వాత అది ఎలా ఉంటే బాగుంటుందో ఇంకో బొమ్మ. మొదటి దాని నుంచి రెండోదానికి ఏ అడుగులు పడాలో మెల్లగా కదిలి చూపాలి. మాటకారులకు ఇక్కడ ఆధిక్యం పోతుంది. నత్తి ఉన్నవాళ్ళు, వినపడనివాళ్ళు, ఊరికి కొత్తగా వచ్చి భాష రానివాళ్ళు మిగతావారితో సమానంగా నిలబడే చోటు యువజన శిబిరాల్లో ఇంతకు మించి నేను ఎరగను.

ఇక ఫోరం. మన ఊళ్ళ నుంచే ఒక ఉదాహరణ అనుకుందాం. వినాయక చవితి పందిరి కోసం కుర్రాళ్ళు సమావేశమయ్యారు. ఎస్సీ కాలనీ కుర్రాడు చందా వసూలుకు తిరిగాడు, కర్రలు మోశాడు, కమిటీ పేర్లు రాసేటప్పుడు మాత్రం అతని పేరు లేదు. అడిగితే "నీకెందుకురా, పనులు చూసుకో" అంటారు. అతను నోరు మూసుకుంటాడు. నాటకం ఏడెనిమిది నిమిషాలే, ఓటమితోనే ముగుస్తుంది. వెంటనే మళ్ళీ మొదలవుతుంది. ఈసారి చూసేవాళ్ళలో ఎవరైనా ఆపమని చెయ్యెత్తి, ఆ కుర్రాడి స్థానంలోకి వచ్చి ఇంకోలా ఆడి చూపవచ్చు. ఒకరు వాదిస్తారు. ఒకరు చందా పుస్తకం బల్ల మీద పడేసి వెళ్ళిపోతారు. ఇంకొకరు సమావేశానికి ముందే ఇద్దరు స్నేహితులతో మాట్లాడి పెట్టుకుంటారు. అవతలి పాత్రధారులు ఊరికే లొంగకూడదు, నిజంగా ఆ మనుషులు ఎలా అడ్డం తిరుగుతారో అలాగే తిరగాలి.

మధ్యలో నిలబడి దీన్ని నడిపేవారిని జోకర్ అంటారు. పేకలో జోకర్ ఏ రంగుకూ చెందదు, అందుకే ఆ పేరు. జవాబు చెప్పడం జోకర్ పని కాదు, ప్రశ్న అడగడమే. ఇది మన ఊళ్ళో జరిగే పనేనా? మర్నాడు ఇతని గతేంటి? ఎవరైనా వచ్చి ఒక్క మాటతో అందరి మనసులూ మార్చేస్తే, అది మాయ అని గుంపు చేతే అనిపించాలి. మన యువజన నాయకులకు కష్టమంతా ఇక్కడే. మైకు చేతికొస్తే నీతి చెప్పకుండా ఉండలేం.

పీడించేవాడి స్థానంలోకి ఎవరూ రాకూడదన్నది పాత నియమం. వాణ్ణి మంచివాడిగా మార్చేస్తే నాటకం సుఖాంతమవుతుంది, బయట వాడు అలాగే ఉంటాడు. నియమం సబబే. అయితే దాన్ని గుడ్డిగా పాటిస్తే, దెబ్బ తిన్నవాడే తెలివి మీరాలన్న అర్థం వచ్చేస్తుంది. అందుకే పందిరి సమావేశంలో ఓ మూల కూర్చుని నేల చూపులు చూసిన ఇద్దరు స్నేహితుల స్థానంలోకి రానివ్వడం చాలాచోట్ల ఇప్పుడు అలవాటు. అన్ని వర్గాల పిల్లలూ ఉన్న గుంపులో నా లెక్కన అసలు పని అక్కడే జరుగుతుంది. మౌనంగా కూర్చున్నవాళ్ళే ఎక్కువమంది కదా.

మన దేశంలో ఈ పని దీర్ఘకాలంగా చేస్తున్నది బెంగాల్ నాటక బృందం 'జన సంస్కృతి'. సంజయ్ గంగూలీ 1985లో సుందర్బన్ ప్రాంతపు కూలీలతో మొదలుపెట్టారు. వాళ్ళ 'శోనార్ మేయే' నాటకం ఆడపిల్ల బతుకు, పెళ్ళి, కట్నం గురించి. ఒకసారి ఆడి వెళ్ళిపోకుండా అదే ఊరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం వాళ్ళ పద్ధతి. బోవాల్ కూడా దీన్ని వేదిక దగ్గర ఆపలేదు. 1993 నుంచి 1996 దాకా రియో డి జనీరో నగర మండలి సభ్యుడిగా ఉండి, జనం ఆడిన నాటకాల్లోంచి చట్టాల ముసాయిదాలు తీశాడు. వాటిలో 13 చట్టాలయ్యాయి.

మనకు 1943 నాటి ప్రజానాట్యమండలి వారసత్వం ఉంది. బుర్రకథ, వీధినాటకం ఊరూరా తిరిగి జనాన్ని కదిలించిన చరిత్ర అది. ఆ రూపాన్ని మాత్రం పట్టుకుని, ఇవాళ్టి ప్రచార కళాజాతాలు పథకాల జాబితా పాడి వెళ్ళిపోతున్నాయి. చూసేవాడికి చప్పట్లు తప్ప పని లేదు.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఎవరి కథ వాళ్ళ చేతే, వాళ్ళ పేరుతోనే ఆడించకూడదు. నలుగురి అనుభవాలు కలిపి ఒక కథ అల్లాలి. వద్దన్నవాళ్ళను లాగకూడదు. ఇంట్లోనో హాస్టల్లోనో హింస జరుగుతోందని ఏ పిల్లో బయటపెడితే అది నాటకానికి ముడిసరుకు కాదు, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యాల్సిన విషయం. నాటకం ముగిశాక ఆ కుర్రాడు అదే ఊళ్ళో, అదే మనుషుల మధ్య ఉంటాడని నడిపేవాళ్ళు ఒక్క క్షణం కూడా మరవకూడదు.

మీ ఊళ్ళో యువజన సంఘం ఉంటే, పదిహేనుమంది, ఒక ఖాళీ గది, ఒక సాయంత్రం చాలు. మద్యం మీదో, పర్యావరణం మీదో తర్వాత వేద్దురు గానీ, మొదటి నాటకం మాత్రం మీ సంఘం మీదే వెయ్యండి. కమిటీలో ఎవరి పేర్లు లేవో అక్కడి నుంచి మొదలుపెట్టండి.