పింఛను లేని కొలువు: సీమాంతమున ఇల్లాలి విశ్రాంతిని గూర్చి

మన ఇండ్లలో ఉద్యోగ విరమణ సన్మానము ముగిసి, పూలదండలు వాడి, శాలువ పెట్టెలోనికి చేరిన పిమ్మట, చూడవచ్చిన బంధువులు ఇల్లాలిని తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. “ఇంక నీకు పొద్దెట్లా పోతుంది వదినా?” అని. అడుగువారి హృదయమున కల్మషము లేదు. పుట్టినయూరు కృష్ణా తీరమున, కాపురము బళ్ళారిలో, పిల్లలు బెంగుళూరులోనో, సముద్రమున కావలనో. అట్టి యామెకు తోచుబడి యెట్లు అని వారి చింత. కాని ఆ ప్రశ్నయందే ఒక పొరపాటున్నది. పదవి విరమించినది ఆయన. ఆమె విరమించిన దేమి?

ఈ విషయమును గూర్చి మాటలాడుటకు బళ్ళారి తగిన చోటు. పరదేశమున కాపురముండుట యనగానే మనకు లండను, అమెరికా తోచును. మన యూరిలో పరదేశము మరియొక విధముగ వచ్చినది. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆ రాష్ట్రమునకు పోగా, బళ్ళారి మైసూరు సీమలో చేరినది. ఆ నాటి తెలుగు ఇల్లాండ్రు ఇల్లు కదలలేదు, పొయ్యి కదపలేదు. ఎల్ల మాత్రము వారిని దాటిపోయినది. ఇది యొక తెగ. తుంగభద్ర ఆనకట్ట వద్ద బోర్డు కొలువునకు ఆంధ్రదేశము నుండి వచ్చిన భర్తల వెంట హోసపేట చేరి, తిరిగిపోక నిలిచిపోయినవారు రెండవ తెగ. (హోసపేట 2021లో విజయనగర జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కావున వీరు ఇల్లు మారకయే రెండు జిల్లాలు చూచిరి.) కాలువ నీరు పారిన పిమ్మట సిరుగుప్ప, గంగావతి ప్రాంతములలో నల్లరేగడి కొని చదును చేసి వరి పండించిన కోస్తా రైతుల భార్యలు మూడవ తెగ. వారి నివాసములను నేటికిని క్యాంపులనియే అందురు. యాబది అరువదియేండ్లు నిలిచినను క్యాంపు క్యాంపే. తోరణగల్లు ఉక్కు కర్మాగారము వెంట వచ్చినవారు అందరికంటె కొత్తవారు. వారిలో తొలుత వచ్చినవారి ఇండ్లలో విరమణ సన్మానములు ఇప్పు డిప్పుడే జరుగుచున్నవి.

ఇట్టి యింటి దినచర్య నొకసారి పరికింతము. నా యెరుకలోని యొక యిల్లాలు, రైల్వే యుద్యోగి భార్య, ముప్పదియైదేండ్లు ఉదయము తొమ్మిదింటికి భర్తను పంపి, పదకొండింటికి పని ముగించి, రెండు మొదలు నాలుగు వరకు తనదైన కాలము ననుభవించినది. ఆ రెండు గంటలలో ఆమె వారపత్రిక చదివినది, ఉత్తరములు వ్రాసినది, ప్రక్కయింటి కన్నడ గృహిణి వద్ద జొన్నరొట్టె తట్టుట నేర్చినది. ఉగ్గాని యనునది తినుటకే కాక చేయుటకును తగిన వస్తువని ఆ వేళనే గ్రహించినది. భర్త పదవి విరమించినాడు. మరునాటి నుండి ఇంట కాఫీ రెండుమారులు గాక నాలుగు మారు లైనది. వార్తాపత్రిక వసారాలోని పడకకుర్చీకి దత్తమైనది. రెండు గంటలకు “ఏమే, నిద్రపోయినావా?” అను పిలుపు మొదలైనది. ఆయన చెడ్డవాడు కాడు. ఆయనకు తోచుబడి లేదు, అంతే. పొద్దు పోనిది ఆయనకు. పొద్దు పోగొట్టుకొన్నది ఆమె. చూడవచ్చిన బంధువులు ప్రశ్న నడుగవలసిన మనిషిని తప్పిపోవుచున్నారు.

ఇంత విశదమైన సంగతి మన సాహిత్యమునకు ఏల తోపలేదు? తోచినది గాని, తోచిన గొంతు వేరు. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సీత యను పేర వ్రాసిన ‘ఇల్లాలి ముచ్చట్లు’ తెలుగు దేశమంతట చదువబడినవి. ఆ గొంతులోని చమత్కారము, పలుకుబడి, సంసారపు సూక్ష్మములను పట్టుకొను చూపు నిక్కముగ మెచ్చదగినవి. ఆ ముచ్చటలు చదివి నవ్విన ఇల్లాండ్రలో చాలమందికి అది పురుషుని రచన యని తెలిసిన పిమ్మట నవ్వు తగ్గలేదు. తగ్గవలసిన పనియు లేదు. అయినను విమర్శకుడు ఒక్క మాట అడుగవచ్చును. ముచ్చట చెప్పు ఇల్లాలికి ముచ్చట చెప్పు తీరిక ఎక్కడిది? ఆ తీరిక రచయిత తన బల్ల మీది తీరిక నుండి ఆమెకు అరువిచ్చినది. ఆ పేరులోని మాటలే తరువాత సముద్రము దాటినవి. అమెరికాలో కాపురమున్న శ్యామలాదేవి దశికగారు ‘అమెరికా ఇల్లాలి ముచ్చట్లు’ వెలువరించినారు. ఈమారు మాటలాడినది ఇల్లాలే. ఈ రెండు శీర్షికల నడుమ జరిగిన మార్పును మన విమర్శకులు పెద్దగా పట్టించుకొన్నట్లు కనబడదు. హాస్యరచన యన్నంత మాత్రమున దానిని ప్రక్కకు నెట్టుట మనకు అలవాటు.

బళ్ళారివారికి ఈ చిక్కు క్రొత్తది కారాదు. 1886లో ధర్మవరము కృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను నెలకొల్పిన యూరు మనది. కోలాచలము శ్రీనివాసరావుగారు చారిత్రక నాటకములు వ్రాసిన యూరు. ఆ రంగస్థలము మీద ఏండ్ల తరబడి స్త్రీ దుఃఖమును పురుషులే చీర కట్టి అభినయించిరి. అందు గొప్ప నటులు లేకపోలేదు; తెనుగు నాట స్థానం నరసింహారావుగారి స్త్రీపాత్రలను చూచి స్త్రీలే చీర కట్టు నేర్చుకొనిరని పెద్దలు చెప్పుదురు. కాని బళ్ళారి రాఘవగారు ఆ గొప్పతనముతో తృప్తి చెందలేదు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, చదువుకొన్న కుటుంబస్త్రీలను రంగమునకు ఆహ్వానించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారితో కలిసి నటించినారు. ఆ రోజులలో ఆయన నెందరో నిందించిరి. నేడు ఆయన పేర కళామందిర మున్నది, మనము పూలమాలలు వేయుచున్నాము. పూలమాలతోపాటు ఆ పట్టుదలను గూడ స్మరించిన బాగుండును. ఇల్లాలిని గూర్చి ఎవరో అభినయించిన దానిని చూచి చప్పట్లు కొట్టుట యొకటి. ఆమెను పిలిచి నీవే పలుకుమనుట వేరొకటి.

అట్లు పిలిచినప్పుడు ఏమి జరుగునో తెలుపుటకు నిదర్శనము లేకపోలేదు. మాలతీ చందూర్‌గారు మద్రాసులో కాపురముండిన తెలుగు ఇల్లాలు. ఆమె భర్త ఎన్.ఆర్. చందూర్‌గారు ‘జగతి’ పత్రికను నడిపినారు. పరభాషా నగరమున ఆ దంపతుల యిల్లే ఒక తెలుగు పత్రికాలయమువలె మెలగినది. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆమె నిర్వహించిన ‘ప్రమదావనం’ శీర్షిక 1950ల దశకమున మొదలై నాలుగు దశాబ్దములకు పైగా సాగినది. అందులో వంట నుండి వైవాహిక కలహము వరకు పాఠకురాండ్రు అడిగిన ప్రశ్నలకు ఆమె సమాధానము లిచ్చినారు. దానిని వంటింటి సలహాల పుట యని పండితులు చిన్నచూపు చూచిరి. నా యభిప్రాయము వేరు. ఒక కార్డు ముక్క మీద తన ప్రశ్నను తానే వ్రాసి, తన చేతితో తపాలాపెట్టెలో వేసిన స్త్రీ ఆ నిమిషమున రచయిత్రి యైనది. ఆ శీర్షిక యొక్క నిజమైన రచయిత్రులు ఆ ప్రశ్నికురాండ్రే. ఆమె మరియొక పని చేసినది: ‘పాత కెరటాలు’ పేర స్వాతి మాసపత్రికలో ఆంగ్ల నవలల కథాసారమును తెలుగు ఇల్లాలికి అందించినది. సముద్రము దాటని స్త్రీకి సముద్రమున కావలి సంసారములు తెలిసినవి. ఈ రచనలలో లోతు చాలదనువారు కలరు. సారాంశము సారాంశమే, మూలము కాదు. ఆ మాట ఒప్పుకొందును. కాని మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వరకు మాత్రమే తనదైన పాఠకురాలికి, ఆ రెండు గంటలలో ఒక నవల పట్టునట్లు చేసి యిచ్చిన చేయి సామాన్యమైనది కాదు. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చిన నాడు గాని మన పెద్దలలో కొందరు ఆమెను రచయిత్రిగ లెక్కించలేదు.

ఇక మన సంఘముల మాట. సీమాంతరములందలి తెలుగు సంఘములు చేయు సేవ నేనెరుగుదును. ఉగాదినాడు పంచాంగ శ్రవణము, పద్యపఠనము లేనిచో మన పిల్లలకు ఆ శబ్దములే వినబడవు. కాని మహిళా విభాగమనగానే ముగ్గుల పోటీ, పిండివంటల పోటీ, కుర్చీలాట. అరువదియేండ్లు ముగ్గు వేసిన చేతికి మరల ముగ్గుపిండి యిచ్చి, ఇది నీ విశ్రాంతి యనుట న్యాయమా? ముగ్గును తక్కువ చేయుట నా యుద్దేశము కాదు, అది కళయే. కాని పదవి విరమించిన లెక్కల గుమస్తాకు వినోదార్థము లెక్కల పోటీ పెట్టినవారిని నేనెచ్చటను చూడలేదు. ఆయనకు ఉపన్యాసము, అధ్యక్షపీఠము, సంచికలో వ్యాసము. సంచికలో ఆమెకు ఒక పుట. దాని తల మీద గరిటె బొమ్మ.

దీని వలన కలుగు నష్టము ఆమె యొక్కతెదే కాదు. బళ్ళారి వీధిలో తెలుగు వినబడును. కూరగాయల బండి వాడు మాటలాడును, కనకదుర్గమ్మ గుడి ముందర పూలమ్ము నామె మాటలాడును. కావున మన భాషకు ముప్పు లేదని మనము ధైర్యపడుచున్నాము. కాని వినబడు తెలుగు వేరు, చదువబడు తెలుగు వేరు. మనుమలు కన్నడములోనో, ఇంగ్లీషులోనో చదువుచున్నారు. తెలుగు అక్షరము చూచి చదువగల కడపటి మనిషి ఆ యింట తరచుగ ఆ ముసలి యిల్లాలే. ఆయనకు ఆఫీసు కాగితముల నుండి ఇంగ్లీషు చదువు అలవాటైనది. తెలుగు వారపత్రిక చందా ఆమె పేరనే యుండెను. ఆ రెండు గంటల కాలము ఆమె నుండి పోయిననాడు ఆ యింట తెలుగు చదువు పోయినట్లే. కాలక్షేపమని మనము తేలికగ పిలుచుచున్నది ఒక గ్రంథాలయపు తాళపుచెవి.

పైన చెప్పిన రైల్వే యుద్యోగి భార్య ఆ తాళపుచెవిని నిలుపుకొన్న విధము చిత్రమైనది. భర్త ఇల్లు చేరిన రెండవయేట ఆమె కన్నడ అక్షరములు నేర్వబూనినది. గురువు ఎనిమిదేండ్ల మనుమరాలు. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెండ్రు గదా. గ, ద, ర, ల, బ మొదలగునవి చూచినంతనే పోల్చుకొనవచ్చును. క, త, శ, హ మాత్రము ఆమెను కొంతకాలము ఆపినవి. తలకట్టు వంపును చూచి, “మీ కన్నడమ్మ కొప్పు వేరుగా ముడుచుకుంటుందే!” అన్నదట. బస్సు మీది బోర్డులతో మొదలై, నాలుగు నెలలకు బడి వాచకములు దాటినది. ఒప్పందము మాత్రము కచ్చితమైనది: అవ్వ యొక కన్నడ పుట చదివిన, మనుమరాలు ఒక తెలుగు పుట చదువవలెను. రెండు మొదలు నాలుగు వరకు తలుపు దగ్గర వేసియుండును. భర్తకు కాఫీ ఫ్లాస్కులో పోసి పెట్టబడును. మొదట ఆయన చిన్నబుచ్చుకొన్నాడు. ఒక నెలకు తానే తలుపు తట్టి, “నన్ను కూడా చేర్చుకోరాదూ?” అన్నాడు. పాఠము నడుమ మాటలాడరాదను నియమము మీద చేర్చుకొనిరి.

కన్నడ రచయిత్రి ఎం.కె. ఇందిరగారి పేరు ఆమె ఆ విధముగనే యెరిగినది. ఇందిరగారును ఇల్లాలే. నలుబదియేండ్లు దాటిన పిమ్మట నవలారచనకు పూనుకొన్నారు. మొదటి నవల 1963లో వెలువడినది. దాని పేరు ‘తుంగభద్ర’. మన యింటి నీటి పేరు గల పుస్తకమని ఆమె ముచ్చటపడినది గాని గ్రంథాలయమున అది దొరకలేదు. 1976 నాటి ‘ఫణియమ్మ’ దొరికినది. చిన్ననాడే విధవయైన ఒక స్త్రీ నిండు జీవితము ఆ నవల. రచయిత్రి తన కుటుంబములోని యొక నిజమైన స్త్రీ కథను ఆధారముగ గొన్నారు. మొన్న నేను పోయినప్పుడు పుస్తకము సగము వరకు వచ్చియున్నది, నడుమ ఒక దారము గుర్తుగ వేసియున్నది. ఎట్లున్నదని అడిగితిని. “కథ సంగతి తరువాత చెప్తాను నాయనా. మా అత్తగారి అత్తగారి సంగతి ఇలాంటిదే ఒకటి ఉంది, ఎవరూ రాయలేదు” అని, అలమారు నుండి గీతల పుస్తకమొకటి తీసినది. అందులో తెలుగున పదునొకండు పుటలు నిండియున్నవి. చదువుమని నా కీయలేదు, ఇంకను కొట్టివేతలున్నవనినది.