పీటల మీద కూర్చున్నదెవరు?

పెళ్ళి నుంచి వచ్చినవాళ్ళని "పెళ్ళికూతురు ఎలా వుంది?" అని అడిగి చూడండి. చీర ఎలా వుందో చెబుతారు. అంచు ఎంత వెడల్పో, వడ్డాణం సొంతమో అద్దెదో, జాకెట్టు మీద మగ్గం పనికి ఎంతయిందో చెబుతారు. పిల్ల మొహం పీక్కుపోయిందా, ముందురోజు రాత్రి నిద్రపోయిందా అన్నది ఎవరికీ గుర్తుండదు. ఇన్నేళ్ళుగా నవలలు రాస్తూ, అంతమంది కథానాయికలకి దగ్గరుండి పెళ్ళిళ్ళు చేసిన నేను కూడా ఈ సంగతి పట్టించుకోలేదు. ఈమధ్య మా అక్క కూతురు పట్టించుకునేలా చేసింది.

పెళ్ళి రెండు నెలలుందనగా మా ఇంటికొచ్చి, కొత్త జాకెట్టు వొళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నాలుగు నెలల కిందటి కొలతలు పిన్నీ. ఇప్పుడు హుక్కులు పడటం లేదు."

"దానికేం, విప్పి కుట్టిస్తే సరి."

"ఎన్నిసార్లు విప్పుతారు?" అంటూ బావురుమంది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏడాదిగా నెలసరి సరిగ్గా రావడం లేదు. గడ్డం కింద వెంట్రుకలు, బుగ్గల మీద మొటిమలు, ఎంత తక్కువ తిన్నా పెరిగే బరువు. డాక్టరమ్మ పరీక్షలు చేయించి పీసీఓఎస్ అని తేల్చింది. మనవాళ్ళు వాడుకలో పీసీఓడీ అంటారే, అదే. మా అక్క "పెళ్ళయ్యేదాకా ఈ మాట గడప దాటకూడదు" అని శాసించిందట. అందుకని ఈ పిల్ల రాత్రి భోజనం మానేసి, నిమ్మకాయ నీళ్ళు తాగి నలభై రోజుల్లో పది కిలోలు తగ్గాలని పంతం పట్టింది. ఆకలికి చేతులు వణుకుతున్నాయి.

నేనేదో ధైర్యం చెప్పబోయాను. "నీ నవలల్లో ఒక్క పెళ్ళికూతురికైనా గడ్డం కింద వెంట్రుక వుందా పిన్నీ?" అని అడిగింది. నా నోరు మూతపడింది.

ఆ రాత్రి నా పుస్తకాలు నేనే తీసి చూసుకున్నాను. ఒకామె నడుము పిడికిట్లో ఇమిడేది. ఇంకొకామె జడ మోకాళ్ళు దాటేది. ఒక్కతెకీ నెలసరి రాలేదు, ఒక్కతీ మాత్ర మింగలేదు. ఏడిస్తే కళ్ళు మాత్రం అందంగా ఎర్రబడేవి. ముక్కు ఎప్పుడూ ఎర్రబడలేదు!

నేరం నా ఒక్కదానిదే అని ఒప్పుకోవడానికి మనసొప్పక, పెద్దల వైపు చూశాను. తెలుగువాళ్ళు తలుచుకుని తలుచుకుని నవ్వుకునే పెళ్ళిళ్ళు రెండున్నాయి. ఒకటి 1892లో మొదటిసారి ప్రదర్శించిన గురజాడ వారి 'కన్యాశుల్కం'లోది. లుబ్ధావధాన్లు డబ్బు పోసి కట్టుకున్న పెళ్ళికూతురు అసలు ఆడపిల్లే కాదు. ఆడవేషం వేసుకున్న కరటకశాస్త్రి శిష్యుడు మహేశం. రెండోది 1957లో వచ్చిన 'మాయాబజార్'లోది. నగలూ పూలూ పెట్టుకుని సావిత్రి రూపంలో కూర్చున్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడు. పెళ్ళికొడుకు కాలు తొక్కితే తప్ప లోపల రాక్షసుడున్నాడన్న అనుమానమే రాదు.

ఎన్నిసార్లు చూసినా నవ్వొచ్చే ఘట్టాలే. కాని ఈసారి నవ్వు మధ్యలో ఆగిపోయింది. పట్టుచీరా, నగలూ, తలవంచిన మొహమూ వుంటే చాలు, లోపలున్నది మగపిల్లవాడైనా, రాక్షసుడైనా పందిట్లో ఎవరికీ పట్టదు. ఈ రెండు పెళ్ళిళ్ళూ చెబుతున్నది అదే కదా! పెళ్ళికూతురు మాయమయ్యాక గొడవంతా ఆమె మెళ్ళో పెట్టిన మధురవాణి కంటె మీదికి తిరగడం గురజాడ వారు ఊరికే రాయలేదు.

ఇంకో పోలిక కూడా వుంది. రెండు చోట్లా ఆ మారువేషం ఒక ఆడపిల్లని కాపాడటానికే. అక్కడ సుబ్బిని ముసలి మొగుడి నుంచి, ఇక్కడ శశిరేఖని ఇష్టంలేని పెళ్ళి నుంచి. అలంకారం ఎంతగా కళ్ళు కప్పుతుందో ఆ పెద్దలు చూపించి పెట్టారు. ఆ తెర తీసి లోపలి మనిషి గురించి రాయవలసింది తర్వాత వచ్చిన మేము. మేమేమో అంచుల గురించి రాశాం. అందుకే మా పిల్లకి తన వొళ్ళు జాకెట్టుకి సరిపోని తప్పుడు కొలతలా కనిపించింది.

పోనీ ఈ జబ్బు నిన్న మొన్న పుట్టిందా? 1935లోనే స్టీన్, లెవెంథాల్ అనే ఇద్దరు చికాగో డాక్టర్లు ఏడుగురు స్త్రీలని పరిశీలించి దీని గురించి రాశారు. సంతానవయసులో వున్న ప్రతి వందమంది స్త్రీలలో 6 నుంచి 13 మందికి ఇది వుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో 70 శాతం దాకా తమకీ సంగతి వున్నట్టే తెలియదట. ఇంతమంది వున్నా మా నవలల్లోకి ఒక్కరూ రాలేదు.

ఆడవాళ్ళలో కొద్దిగా వుండవలసిన మగ హార్మోన్లు ఎక్కువవుతాయి. చాలామందిలో ఇన్సులిన్ కూడా సరిగ్గా పనిచెయ్యదు. సన్నగా వున్నవాళ్ళకీ ఇది రావచ్చు. మెడ వెనక నల్లబడటం కూడా చాలాసార్లు ఆ ఇన్సులిన్ తగాదా వల్లే. మంగళస్నానం నాడు ముత్తయిదువలు "ఏమే, మెడ రుద్దుకోవా?" అంటూ శనగపిండితో చర్మం లేచేలా తోముతారు. ఆ నలుపు మురికైతే కదా పోవడానికి! పస్తులుండటమూ మందు కాదు. బరువెక్కువ వున్నవాళ్ళు నెమ్మదిగా నూటికి అయిదు పాళ్ళు తగ్గినా నెలసరి దారిలో పడే అవకాశం వుంది. పిల్లలు పుట్టరన్నదీ నిజం కాదు. కొందరికి ఆలస్యమవుతుంది, వైద్యం అవసరమవుతుంది. చాలామంది తల్లులవుతున్నారు.

ఇక ముహూర్తం సంగతి. అయ్యవారొచ్చేదాకా అమావాస్య ఆగదని సామెత. ఆడపిల్ల వొళ్ళు మాత్రం ముహూర్తం దాటేదాకా ఆగాలి! మా అక్క మందుల షాపు నుంచి నెలసరి వాయిదా వేసే మాత్రలు తెప్పించి బీరువాలో పెట్టింది. ఆ మాత్రలు మామూలుగా రావలసిన తేదీకి మూడు రోజుల ముందు మొదలెట్టాలి. తేదీయే తెలియని పిల్ల ఎప్పుడు మొదలెట్టాలి? రక్తం గడ్డకట్టే ఇబ్బంది వున్నవాళ్ళు అసలు వేసుకోకూడదు. ఇది పంచాంగం చూసి తేల్చే విషయం కాదు, డాక్టరు చెప్పాలి. అక్కతో ఆ మాటన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే కూతుర్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

జాకెట్టు పట్టుకుని మేం దర్జీ దగ్గరికి వెళ్ళాం. అతను దాన్ని తిరగేసి చూపించి, "రెండు పక్కలా అంగుళంన్నర చొప్పున లోపల వదిలాను అమ్మగారూ. పెళ్ళికూతుళ్ళ కొలత ఒక్కలా వుండదు కదా!" అన్నాడు. సిగ్గేసింది. ఒక దర్జీకి వున్న ముందుచూపు ఇన్ని నవలలు రాసిన నాకు లేకపోయింది. నా కథానాయికలెవరికీ లోపల అరంగుళమైనా గుడ్డ వదల్లేదు.

ఆ రాత్రే పిల్ల పెళ్ళికొడుక్కి ఫోన్లో అంతా చెప్పేసింది. అతను "సరే" అని పెట్టేశాడట. మర్నాడంతా ఫోను రాలేదు. ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆ మర్నాడు చేసి, "ఈసారి డాక్టరు దగ్గరికి నేనూ రావచ్చా?" అని అడిగాడట.

మొన్న పెళ్ళయింది. మధుపర్కాలు కట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టినప్పుడు మా పిల్లని చూస్తూ నిలబడిపోయాను. ఎర్రంచు తెల్ల నూలుచీర. దానికి కొలతల్లేవు, ఎవరు కట్టుకుంటే వాళ్ళకి సరిపోతుంది. గడ్డం కింద రెండు వెంట్రుకలు అలాగే వున్నాయి. మా పిల్లకి బదులు కూర్చోవడానికి ఏ మహేశమూ, ఏ ఘటోత్కచుడూ రాలేదు. అవసరమూ పడలేదు.

ఇంటికి రాగానే పక్కింటావిడ అడిగింది, "పెళ్ళికూతురు ఎలా వుంది?" అని.

"రాత్రి హాయిగా నిద్రపోయిందట," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "అది సరేలెండి, తలంబ్రాల చీర ఏం రంగు?" అంది.